బిళ్ళ వెనుక పేరు

అడుగు బస్తీ ల్యాంపు రూము డైరీ, దిగుడు 61వ ఏడు

ఏప్రిల్ 9

పొద్దుటి షిఫ్టుకు ఇచ్చిన దీపాలు 214, తిరిగొచ్చినవి 214. చచ్చిన బ్యాటరీలు మూడు. ఫ్యాను దగ్గర కట్టిన గాలి పేలిక అడ్డంగా ఎగురుతోంది. పేలిక ఎగిరినంత సేపు మాకు ఫికరు లేదు.

ఈ డైరీలో దీపాలు, బిళ్ళలు, గాలి తప్ప ఇంకేమీ రాయకూడదని రూలు. ల్యాంపు రూము నర్సుబాయినైన నేను ముప్పై ఏళ్ళు ఆ రూలు పాటించాను. ఇవాళ్టి నుంచి పాటించను. ఎవరైనా వచ్చి అడిగితే అప్పుడు చూసుకుందాం.

నిన్న పైబస్తీ ఫ్యాను కాలిపోయింది. ఎండకు తాళలేక మా తాతలు ఈ పాత బొగ్గుగనిలోకి దిగినప్పటి నుంచి పై, నడిమి, అడుగు బస్తీలనే మూడు అంతస్తులకు మూడు ఫ్యాన్లు. కొత్త మోటారు చేసేవాళ్ళు భూమి మీద లేరు, భూమి కింద అసలే లేరు. నా బిడ్డ కౌసల్య ఫ్యాను మెకానిక్. పైకి వెళ్ళి చూసి, మసి మొహంతో దిగొచ్చింది.

"రెండు ఫ్యాన్లతోని మూడు బస్తీలు బతుకుతయి అవ్వా. గుడ్డ తెరలు కట్టి గాలిని వంతులేస్తే సాలు. జెర ఉక్కపోస్తది, గంతే."

"మరి పైనోళ్ళేమంటున్నరు?"

"మన ఫ్యాను ఊడదీసి పైకి గుంజుకుంటరట. అడుగు బస్తీకి అడ్డం గోడ కడ్తరట."

"ఊడదీసుడు ఎవలు?"

"ఇంకెవలు? నేనే. ఆ పని వచ్చినోళ్ళు ఈడ నేనొక్కదాన్నే గద."

నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

నిర్ణయం చేసేది మే 20న మేం ఎన్నుకునే కొత్త జిల్లా మండలి. అయిదు సీట్లు. ఎటు మూడు చేతులు లేస్తే అటు. జిల్లా మొత్తం ఓట్లు పన్నెండు వేలు, అందులో మావి నాలుగు వేల ఒక వంద. రెండు వేల ఒక్క ఓటు తెచ్చుకున్న మనిషికి సీటు ఖాయం. అంటే మా జనానికి రెండు సీట్లు రావాలి. నడిమి బస్తీ మొండయ్యకు ఒక సీటు ఎలాగూ వస్తుంది, అతను మా పక్క చెయ్యెత్తుతానని మాటిచ్చాడు. రెండూ ఒకటీ మూడు. పలక పట్టిన పిల్లలు కూడా చేసే లెక్క.

మా తరఫున నిలబడ్డవాళ్ళు ఇద్దరు, పోశాలు, కౌసల్య.

ఏప్రిల్ 15

ఇచ్చినవి 209, వచ్చినవి 209.

ఓటు వేయడం నేర్పే పని నాకు అంటగట్టారు, నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని. కాగితం మీద పేర్లుంటాయి. మొదట కావలసిన వాళ్ళ ఎదురుగా 1 రాయాలి, ఆ తర్వాతి వాళ్ళకు 2. మొదటి మనిషికి అవసరానికి మించి ఓట్లు పడితే, ఎక్కువైనవి 2 అని రాసిన మనిషికి చేరతాయి. ఇది అర్థం చేయించడానికి అందరినీ నల్లా దగ్గరికి తీసుకెళ్ళి ఒక బిందె పెట్టాను. బిందె నిండింది, పొర్లింది, నీళ్ళన్నీ మోరీలోకి పోయాయి.

"సూసిండ్రా? రెండో బిందె పెట్టకపోతే పొర్లిందంత మోరిపాలు. ఒకటి పోశన్నకు, రెండు కౌసల్యకు. సమజైందా?"

సమజైంది. తంటా అంతా అక్కడే వచ్చింది. మా ఎదురింటి గౌరక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పోశన్న ఎనుక ఇంకో పేరు రాయుమంటవా నర్సక్కా? నోరెట్ల వచ్చిందే నీకు?"

మా బస్తీ సంగతి తెలియనివాళ్ళ కోసం రాస్తున్నాను. ఇక్కడ ప్రతి మనిషికీ ఇత్తడి బిళ్ళ ఒకటి ఉంటుంది, నా కిటికీ పక్కన మేకుకు వేలాడుతూ. ముందువైపు ఆ మనిషి పేరు, వెనుక ఖాళీ. మనిషి మంచం పట్టి, ఇక లేవడని డిస్పెన్సరీ నుంచి కబురొచ్చాక, నేను ఆ బిళ్ళ వెనుక రెండో పేరు చెక్కుతాను. పోయినవాడి పని, పడక, గాలి వాటా ఆ రెండో మనిషికి వస్తాయి. అంతకుముందే చెక్కడం ఎవరూ ఒప్పుకోరు. తిరుగుతున్న మనిషి పేరు వెనుక మరో పేరు రాస్తే బతికుండగానే పాడె కట్టినట్టు. పైబస్తీలో ఈ పట్టింపు లేదు. వాళ్ళు ఒకటి, రెండు, మూడు, నాలుగు చకచకా రాసేసి ఇంటికి పోతారు.

అందులోనూ ఇక్కడున్నది పోశాలు పేరు. పద్దెనిమిదేళ్ళ కింద ఉత్తరం గల్లీ కప్పు కూలిన రోజు, కప్పును మోస్తూ విరుగుతున్న దిమ్మెకు వీపు ఆనించి తొమ్మిది గంటలు నిలబడ్డాడు. అరవై ముగ్గురం ఆయన కాళ్ళ సందున పాకి బయటపడ్డాం. నేను నలభై ఒకటోదాన్ని. ఆయన చెమట నా మెడ మీద పడటం ఇప్పటికీ గుర్తుంది.

ఏప్రిల్ 27

ఇచ్చినవి 211, వచ్చినవి 210. ఒకడు దీపం పగలగొట్టి పారిపోయాడు, దొరకనీ చెప్తాను.

నమూనా కాగితాల మీద రాయించాను. నూటికి తొంభై కాగితాల్లో ఒకటే అంకె. గల్లీ గల్లీ తిరిగి గొంతు పోయేలా అరిచాను. మూర్ఖులారా అన్నాను, మీ ఖర్మ అన్నాను. అంటూనే నా మొగుడు ఓదేలు గుర్తొచ్చాడు. అతని బిళ్ళ వెనుక కౌసల్య పేరు చెక్కింది నేనే. డిస్పెన్సరీవాళ్ళు చెప్పారు, చెక్కాను. ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు ఆ పూట, అంబలి కావాలన్నాడు. ఉలి చప్పుడు విని మొహం గోడవైపు తిప్పుకున్నాడు. మళ్ళీ ఇటు తిరగలేదు. ఇది ఎవరికీ చెప్పలేదు, అరవడమే నయమని అరిచాను.

చివరికి పోశాలే మీటింగుకు వచ్చాడు. డెబ్బై రెండేళ్ళ మనిషి, వీపు ఇప్పటికీ వంకరే.

"రాయుండ్రి. అంకె రాస్తే సచ్చిపోతనా నేను? దిమ్మె మీద పడితెనే సావలే."

జనం నవ్వారు. ఇవాళ్టి నమూనాల్లో సగానికి పైగా రెండో అంకె ఉంది. నా అంత తెలివైనది ఈ గనిలో లేదనుకుంటూ ఇంటికొచ్చాను.

మే 3

ఇచ్చినవి 205. పేలిక కొంచెం వాలింది. మా గాలిలో పావు వంతు పైకి మళ్ళించారు, ఎన్నిక అయ్యేదాకా అన్నారు.

నల్లా లైనులో పోశాలు దగ్గి దగ్గి కూలబడ్డాడు. తుండుగుడ్డలో నెత్తురు. మధ్యాహ్నానికల్లా నా కిటికీ ముందు చించిన నమూనా కాగితాల కుప్ప. గౌరక్క దాని పక్కనే నిలబడి ఉంది.

"సల్లబడ్డదా నీ కడుపు? రాపిచ్చినవు గద! నీ బిడ్డ గెలువాల్నని ఆయన ఉసురు పోసుకుంటవా?"

గాలి తగ్గినందుకు దగ్గు వచ్చిందే అంటే ఎవరు వింటారు? గాలి అందరికీ తగ్గింది, నెత్తురు ఆయనకే పడింది అంటారు. అన్నారు కూడా.

మే 7

ఇచ్చినవి 205, వచ్చినవి 205.

కౌసల్య రెండు రోజులు గల్లీల్లో ఓట్లు లెక్కపెడుతూ తిరిగింది. ఇవాళ ఫ్యానుకు నూనె పోసి వచ్చి, చేతులైనా కడుక్కోకుండా నా ముందు కూర్చుంది.

"రెండో అంకె ఒద్దంటే ఒద్దే అవ్వా. ఒకటే రాయనియ్యి. ఎడమ గల్లీలోళ్ళు పోశన్నకు ఒకటి. కుడి గల్లీలోళ్ళు నాకు ఒకటి. ఎవల ఎనుక ఎవలు లేరు."

ఎడమ గల్లీల ఓట్లు రెండు వేల యాభై, కుడివీ అంతే. ఒక్కొక్కరికి కావలసింది రెండు వేల ఒకటి. అటు నలభై తొమ్మిది, ఇటు నలభై తొమ్మిది ఎక్కువ. నూనె చేతులతో ఉన్నదాన్ని అలాగే కావలించుకున్నాను, రవిక ఖరాబైంది.

జనానికి కూడా ప్రాణం లేచొచ్చింది. ల్యాంపు రూము ముందు వరుసకట్టి, వెలుగుతున్న దీపం మీద చెయ్యి పెట్టి గల్లీవారీగా మాటిచ్చారు. మా ఇల్లు కుడి గల్లీ. గౌరక్కది కూడా కుడి గల్లీయే. చెయ్యి పెట్టింది, నా వంక చూడలేదు.

మే 19

ఇచ్చినవి 190. పేలిక సగానికి వేలాడుతోంది.

పోశాలును డిస్పెన్సరీలో పడుకోబెట్టి గాలి సిలిండరు పెట్టారు. సాయంత్రం షిఫ్టు దిగే వేళకు కబురొచ్చింది, బిళ్ళ సిద్ధం చేసుకోమని. మేకు మీద నుంచి ఆయన బిళ్ళ తీశాను. కిటికీ బయట దీపాలు అప్పగించడానికి నిలబడ్డ లైను మొత్తం చూసింది. వెనుక ఏమీ చెక్కను, ఊరికే తుడుస్తున్నాను అన్నాను. ఒక్కరూ నమ్మలేదు. మళ్ళీ మేకుకు తగిలించేశాను, కానీ అప్పటికే వాళ్ళు గల్లీల్లోకి వెళ్ళిపోయారు.

మే 20

పోలింగు. మా నాలుగు వేల ఒక వంద ఓట్లూ పడ్డాయి. మంచం మీద ఉన్నవాళ్ళను మోసుకొచ్చారు.

గుడ్డ తెర వెనుకకు వెళ్ళినవాళ్ళు తొందరగా బయటికి రాలేదు. వచ్చినవాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ వచ్చారు. గౌరక్క బయటికి వచ్చి నా భుజం తట్టి, "వేసిన నీ బిడ్డకే" అంది, నేను అడగకుండానే. ఆఖరున నేను వెళ్ళి వేసి వచ్చాను.

మే 21

లెక్కింపు నడిమి బస్తీ హాలులో. కాగితాలు అందరి ముందూ విప్పారు.

పోశాలుకు మూడు వేల రెండు వందల పన్నెండు. జిల్లా పుట్టినప్పటి నుంచి ఎవరికీ అన్ని రాలేదట, పైబస్తీవాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు. కౌసల్యకు ఎనిమిది వందల ఎనభై ఎనిమిది.

పోశాలుకు అవసరానికి మించి వచ్చినవి పన్నెండు వందల పదకొండు. అవి కౌసల్యకు చేరి ఉంటే ఇప్పటికీ గెలిచేది. అధికారి ఒక్కో కాగితం ఎత్తి రెండో అంకె కోసం వెతికాడు. లేదు. లేదు. లేదు. అంతమంది కాగితాల్లో రెండో అంకె దొరికింది ముప్పై ఒక్క చోట. మిగిలినవన్నీ పెట్టెలో పడేసి మూత పెట్టారు. చివరి సీటు పైబస్తీ మూడో మనిషికి పోయింది, పదహారు వందల తొంభై ఎనిమిది ఓట్లతోనే, మిగిలినవాళ్ళలో అతనివే ఎక్కువని. పైబస్తీకి మూడు, నడిమికి ఒకటి, మాకు ఒకటి.

కౌసల్య నా పక్కనే కూర్చుంది. ఏడవలేదు. నా చెయ్యి పట్టుకుంది.

"ఆ ఎనిమిది వందల ఎనభై ఎనిమిదిల నీదొకటి ఉన్నది గదనే అవ్వా. నాకు గది సాలు."

నేను తలూపాను.

మే 22

ఇచ్చినవి 188.

పోశాలు లేచి కూర్చున్నాడు. గంజి తాగాడట. బస్తీలో డప్పు కొట్టారు. మన ఓట్లే ఆయన్ని నిలబెట్టాయని ఒకళ్ళతో ఒకళ్ళు చెప్పుకుంటున్నారు. మళ్ళీ అదే నోటితో, నేను కౌసల్యకే వేసిన, ఎవడో ముండాకొడుకు మోసం జేసిండు అంటున్నారు. కుడి గల్లీలో ప్రతి ఇంట్లో అడిగాను. అందరూ కౌసల్యకే వేశారు. రెండు వేల యాభై మందీ. ఆ పదకొండు వందల అరవై రెండు ఓట్లు ఎలుకలు వేసినట్టున్నాయి.

నన్ను కూడా అడిగారు. ఇదేం అడుగుడు, నా బిడ్డకు గాక ఎవలకేస్త అని కసిరాను.

మే 30

మండలి మొదటి మీటింగు. పోశాలును కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్ళారు. కౌసల్య గుడ్డ తెరల బొమ్మ గీసి ఇచ్చింది, ఆయన దాన్ని విప్పి చూపించాడు. ఎవరూ ముందుకు వంగి చూడలేదు. చేతులు ఎత్తమన్నారు. నాలుగు, ఒకటి.

నాలుగో చెయ్యి మొండయ్యది. బయట పట్టుకుని నిలదీశాను.

"మాటిచ్చినవు గద మొండయ్యా!"

"మీరు ఇద్దరొస్తే ఇచ్చిన మాట అది. ఒక్కడొచ్చిండు. ఓడే పక్క నిలబడి నా బస్తీ ఫ్యాను గూడ పోగొట్టుకోమంటవా?"

తిట్టకుండానే దిగొచ్చాను. నేనైతే ఏం చేసేదాన్నో నాకు తెలుసు.

ఫ్యాను ఊడదీయడం జులై 1. అదే రోజు గోడ. పై రెండు బస్తీల్లో మాకిచ్చే పడకలు ఏడు వందలు, చీటీ తీస్తారు. పిల్లాజెల్లాతో మేం అయిదు వేల మూడు వందల మందిమి. మిగతావాళ్ళు భూమి మీదుగా ముప్పై కిలోమీటర్ల అవతలి పాత గనికి నడిచిపోవచ్చని తీర్మానంలో రాశారు. పైన ఇవాళ ఎండ యాభై ఆరు. ఆ పాత గనిలో ఎవరైనా ఉన్నారో లేదో ఇరవై ఏళ్ళుగా కబురు లేదు.

జూన్ 6

చీటీలు తీశారు. నా పేరు రాలేదు. కౌసల్య పేరు రాలేదు. ఫ్యాను ఊడదీసేదాకా ఆమె కావాలి, ఆ తర్వాత అక్కర్లేదు. గౌరక్కకు వచ్చింది, ఆమె మొగుడికి రాలేదు.

పోశాలుకు చీటీ లేకుండానే పడక ఉంది, మండలి సభ్యుడు కాబట్టి.

కొత్త రూలు కూడా పంపారు. ఏడు వందల ఒక్క బిళ్ళ మీదా ఇప్పుడే రెండో పేరు చెక్కాలి. జులై 1 లోపు మొదటి మనిషి పోతే, రెండో మనిషి ఆ పడకకు వెళ్తాడు. ఒక్క పడక కూడా ఖాళీగా ఉండకూడదట. ఎంత పొదుపో.

బస్తీలో గోల అవుతుందనుకున్నాను. బతికున్నవాళ్ళ వెనుక పేర్లు చెక్కమంటారా అని తిరగబడతారనుకున్నాను. పొద్దున తలుపు తీసేసరికి లైను నల్లా దాకా ఉంది.

జూన్ 11

ఇచ్చిన దీపాలు 40. ఎవరూ పనికి పోవడం లేదు, లైనులో ఉంటున్నారు.

ముసలివాళ్ళ వెనుక, గర్భిణీల వెనుక, దమ్ము రోగమున్నవాళ్ళ వెనుక చోటు కోసం కొట్టుకుంటున్నారు. గట్టి మనుషుల వెనుక ఎవరికీ వద్దు. పోశాలు వెనుక పేరు రాయమని వచ్చినవాళ్ళు ఇప్పటికి పంతొమ్మిది వందల మంది. వాళ్ళలో ఆయన కాళ్ళ సందున పాకినవాళ్ళే ముప్పై మంది. గౌరక్క మొగుడి కోసం వచ్చింది.

"నీ కాల్మొక్త నర్సక్కా, పోశన్న ఎనుక మా ఆయన పేరు రాయి. ఎట్లాగు నెల దాటడు ఆయన."

"ఓటునాడు ఇదే మాట నేనంటే కడుపు సల్లబడ్డదా అంటివి."

"అప్పుడు వేరే. ఇప్పుడు వేరే."

ఏం వేరే అని అడగలేదు. అడిగితే నన్ను తిరిగి అడిగే ప్రశ్న ఒకటి ఉంటుంది.

ఇక్కడ రాసేస్తాను. మే 20న నేను పోశాలుకే వేశాను. గుడ్డ తెర వెనుక పెన్సిలు పట్టుకుంటే ఓదేలు మొహం తిప్పుకోవడం కనిపించింది, మెడ మీద ఆ చెమట తగిలింది. నా బిడ్డకు ఇంకా రెండు వేల నలభై తొమ్మిది మంది ఉన్నారు, నా ఒక్క ఓటుతో ఏమవుతుంది అనుకున్నాను. పోశన్న ఎదురుగా 1 రాశాను. 2 రాయడానికి పెన్సిలు కౌసల్య పేరు దాకా పోయింది. చెయ్యి రాలేదు. కాగితం మడిచి పెట్టెలో వేసి, ఏదో పుణ్యం చేసినట్టు బయటికొచ్చాను.

థూ నా బతుకు.

జూన్ 14

పోశాలు తానే వచ్చాడు, కర్ర పట్టుకుని, మెల్లగా. లైను పక్కకు జరిగి దారిచ్చింది. ఇద్దరు ముగ్గురు వంగి దండం పెట్టారు. కిటికీ దగ్గరికి రాగానే దగ్గు తెర పట్టుకుంది.

లైనంతా చప్పుడు ఆపేసింది. చంటిపిల్లల నోళ్ళు మూశారు. నల్లా దాకా నిలబడ్డ అంతమందీ మెడలు చాచి ఆ దగ్గు ఎంత లోతునుంచి వస్తోందో వింటున్నారు. ఆయన తుండుగుడ్డ తీస్తే, నెత్తురు ఉందా లేదా అని ముందువాళ్ళు వెనుకవాళ్ళకు సైగలు చేశారు. పోశాలు అది చూశాడు. ఆ మొహం నేను రాయలేను.

"అంకె రాస్తే నేను సస్తనని రాయలే వీళ్ళు" అన్నాడు. "ఇప్పుడు సావాల్నని రాయిపిచ్చుకుంటున్నరు. మంచిదే. ఎవలను రాస్తవో రాయి నర్సా. నేను సూడ."

"నువ్వే చెప్పాలె పోశన్నా. రూలు."

"నీ బిడ్డను రాయి. ఆమెకు ఓటు రాయాల్సినోళ్ళే అందరు."

నా మొహం చూశాడో లేదో తెలియదు. తెలిసే అన్నాడేమో. గోడవైపు తిరిగి నిలబడ్డాడు. నేను ఉలి తీసుకున్నాను. బిళ్ళ ముందు పోశాలు, వెనుక కౌసల్య. ఒకటి, రెండు. గుండ్రంగా వచ్చాయి అక్షరాలు.

జూన్ 17

కౌసల్యకు బిళ్ళ చూపించాను. చాలాసేపు తిప్పి తిప్పి చూసింది.

"ఇదే రాయుమన్నవు గద అందరిని" అంది. తర్వాత ఫ్యాను బోల్టులు వదులు చేయడానికి వెళ్ళిపోయింది.

ఇచ్చిన దీపాలు 12. పేలిక కదలడం లేదు. రోజూ పొద్దున డిస్పెన్సరీకి వెళ్ళి పోశన్న ఎలా ఉన్నాడో కనుక్కుని వస్తున్నాను. ఇవాళ దగ్గు తగ్గిందట, రెండు రొట్టెలు తిన్నాడట. వచ్చి ఆ మాట లైనులో చెప్పాను.  కిటికీ వేసుకుని, జులై 1కి ఇంకా పద్నాలుగు రోజులున్నాయని వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను.